ముప్ఫై రెండు ‘ఏమండీ’లు

ఆ ఇంట్లో ‘ఏమండీ’ అన్న పిలుపు వినపడి ఎనిమిది నెలలైంది.

మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేక కాదు. మాటలకేం కొదవ? పొద్దున్నే తువ్వాలు ఎవరు తడిపారన్న దగ్గర మొదలైతే, పడుకోబోయే ముందు కిటికీ వెయ్యాలా తియ్యాలా అన్న దాకా ఇద్దరికీ నోరు ఊరుకోదు. కోడలు మానేసింది ఆ ఒక్క పిలుపే. మొగుడితో పని పడితే గది గదీ తిరిగి వెతుక్కుంటుంది. తిరిగే ఓపిక లేకపోతే గోడకి అటు పక్కనున్న మనిషికి ఫోను చేస్తుంది. ఎందుకిలా అని అతను కూడా అడగలేదు. అతనికి తెలుసు.

కారణం మామగారు. ఆయనంటే భయం ఉండి కాదు, ప్రేమ ఉండి.

అత్తగారు బతికున్న రోజుల్లో అత్తా కోడళ్ళిద్దరూ ఇద్దరు మొగుళ్ళనీ ఆ ఒక్క మాటతోనే పిలిచేవారు. వంటింట్లోంచి ‘ఏమండీ’ అని వినపడితే ఎవరి గొంతో పోల్చుకుని ఎవరికి వారు పలకాలి. కొడుకు ఎలాగో పోల్చుకునేవాడు. మామగారే మహా మొండి. ముప్ఫై అయిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా కూర్చుని, ఊళ్ళో ఏ మూల గంట మోగినా తొలి మోతకే ‘హలో’ అన్న మనిషి, ఇంట్లో పెళ్ళాం పిలిస్తే మాత్రం మూడో పిలుపుకి గాని పలికేవారు కాదు.

“ఊరందరికీ ఒక్క గంటకే పలుకుతారు. నేను మాత్రం గొంతు చించుకోవాలి” అని ఆవిడ సాధించేవారు.

“ఊళ్ళో వాళ్ళయితే విసుగొచ్చి ఫోను పెట్టేస్తారే. నువ్వెక్కడికి పోతావు?” అని ఆయన నవ్వేవారు.

ఆవిడ పోయారు. పెద్దగా జబ్బేమీ లేకుండా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఒక మంగళవారం మధ్యాహ్నం పోయారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కోడలు అటక మీద డబ్బా అందక ‘ఏమండీ’ అని ఒక్క కేక వేసింది. ముందు గదిలోంచి వెంటనే “ఆఁ, వస్తున్నా!” అని వినపడింది. మామగారు. మొదటి పిలుపుకే. ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి లేదు, వంటింటి గుమ్మం దాకా గబగబా వచ్చి, కోడలిని చూసి, అక్కడే ఆగిపోయారు. “మంచినీళ్ళ కోసం వచ్చానమ్మా” అని, దాహం లేకపోయినా రెండు గ్లాసులు తాగి వెళ్ళారు. అలా మూడుసార్లు జరిగింది. మూడోసారి ఆయన తాగిన నీళ్ళు చూశాక కోడలు ఆ పిలుపును నోట్లోనే కట్టేసింది. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనుకోలేదు. ప్రేమగా బతికే ఇళ్ళల్లో ఇదే చిక్కు. అందరికీ అన్నీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు.

ఇది ఇంటి సంగతి. ఇక కంప్యూటర్ల సంగతి.

కోడలు పెద్దవాళ్ళకి చేతిపనులు నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో పని చేస్తుంది. అక్కడ కుట్టు నేర్పుతారు, వెల్డింగు నేర్పుతారు, లెక్కలు రాయడం నేర్పుతారు. కంప్యూటర్లు చూసుకోవడం ఈమె పని. చూసుకోవడానికి ఉన్నవి ఎనిమిది, వాటిలో ఊపిరి ఉన్నవి మూడు. అలాంటి రోజుల్లో ఏదో ఆఫీసు వాళ్ళు ముప్ఫై రెండు పాత కంప్యూటర్లు పారేస్తున్నారని తెలిసి, వాళ్ళ చెవిన ఇల్లు కట్టుకుని పోరి మరీ సంపాదించింది. పొడుగాటి గదిలో నాలుగు వరసలుగా బల్లలు వేయించి వాటిని పేర్చింది. నేర్చుకుంటామని పేర్లు ఇచ్చిన వాళ్ళు కూడా సరిగ్గా ముప్ఫై ఇద్దరే. వాళ్ళలో ఒకామె, కుట్టు పని చేసే ఆవిడ, రోజూ వచ్చి కిటికీలోంచి తొంగి చూసి “ఇంకా లేవలేదామ్మా ఇవి?” అని అడిగి పోతుండేది.

ప్రిన్సిపాల్ గారికి మాత్రం ఆ గది మీద వేరే కన్నుంది. విరిగిన కుర్చీలు పెట్టుకోవడానికి ఆయనకో గది కావాలి. విరిగిన కుర్చీలను పారెయ్యొచ్చు కదా అంటే అది వేరే కథ. ఆయన పారెయ్యరు.

“చూడండి మేడమ్, శుక్రవారం మూడింటికి కమిటీ వాళ్ళొస్తున్నారు. అప్పటికి ముప్ఫై రెండూ నడుస్తూ కనపడితే గది మీది. ఒక్కటి తక్కువైనా నాలుగింటికి పాత ఇనుము లారీ వస్తుంది, అన్నీ ఎక్కించేస్తాం” అన్నారు ఆయన.

లారీకి అప్పుడే చెప్పేశారు కూడా. ఆలస్యం అమృతం విషం అన్న సూత్రం ఆయన ఇలాంటి పనులకే వాడతారు.

కంప్యూటర్లు బాగానే ఉన్నాయి. లోపల మాత్రం ఏమీ లేదు. ఆ ఆఫీసు వాళ్ళు డిస్కులన్నీ తుడిచేసి ఇచ్చారు. వాటిని నడిపించడానికి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వెయ్యాలి. వెయ్యడానికి సీడీ పెట్టే అర లేదు. పెన్‌డ్రైవు గుచ్చుదామంటే, ఎవరైనా ఫైళ్ళు ఎత్తుకుపోతారని భయపడి ఆ మహానుభావులు యుఎస్‌బీ కన్నాలన్నిటినీ జిగురు పోసి మూసేశారు. కీబోర్డులు పాతకాలపు గుండ్రటి పిన్నువి కాబట్టి బతికిపోయాయి. ఇక మిగిలిన దారి ఒకటే, వెనక నెట్‌వర్క్ కేబులు పెట్టే కన్నం.

అందుకే కోడలు ఆ దారి పట్టింది. గది మూలన ఒక పాత కంప్యూటరును సర్వరుగా పెట్టి, లినక్స్ మొత్తం అందులో సర్దింది. మిగతా ముప్ఫై రెండూ మీట నొక్కగానే కేబులు గుండా ఆ సర్వరును అడిగి, దాని దగ్గర నుంచి అన్నీ తెచ్చుకుని, వాటంతట అవే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఒకే వంటింట్లోంచి ముప్ఫై రెండు విస్తళ్ళకి వడ్డించడం లాంటిదన్నమాట. వంట అయింది. వడ్డించడానికి తీగలు కావాలి.

తీగలనగానే ఆమెకి మామగారు గుర్తొచ్చారు. ఎనిమిది నెలలుగా ఆయన ముందు గదిలో కుర్చీ వేసుకుని గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంటున్నారు. సాయం కావాలి మామయ్యా అని అడగ్గానే అటక మీదున్న పనిముట్ల సంచి దింపి దుమ్ము దులిపారు. మర్నాడు ఆమె కన్నా ముందే గుమ్మంలో నిలబడ్డారు.

మూడు రోజులు. అరవై నాలుగు కొసలు. ఒక్కో కొసలో ఎనిమిది సన్నటి రంగుల తీగలు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ అని లోలోపల అనుకుంటూ, వాటిని వరసగా దువ్వి, సమంగా కత్తిరించి, ప్లాస్టిక్ మూతిలో దూర్చి కటకటా నొక్కేవారు. ఫోనులో ఎవరినో పలకరించినట్టు ప్రతి కేబులునీ చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఆడించి చూసేవారు. కుట్టు క్లాసు వాళ్ళు ఆయనకి ‘హలో తాతగారు’ అని పేరు పెట్టారు. పిలిస్తే వెంటనే పలికేవారు మరి.

బుధవారం ఒక కంప్యూటరుతో పరీక్ష చేశారు. మీట నొక్కగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి. చిరునామా దొరికింది, ఫైలు దొరికింది, పావుగంటలో లినక్స్ లేచి కూర్చుంది. కోడలు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

“ఇక మిగతావి కూడా ఇంతే మామయ్యా. తీగలన్నిటినీ కలిపే స్విచ్ పెట్టెల్లోనే కన్నాలు చాలట్లేదు. వెనక వరసలో మూడింటికి తీగ పెట్టడానికి చోటు లేదు” అంది ఆమె. ఏదో మాటవరసకి అన్నది. గురువారం ఆమె సంతకాల కోసం ప్రిన్సిపాల్ గారి గది ముందు గంటన్నర కూర్చుని తిరిగొచ్చేసరికి ఆ మూడింటికీ తీగలు వచ్చి ఉన్నాయి.

“కన్నాలెక్కడివి మామయ్యా?”

“సర్దాన్లే” అన్నారు మామగారు, ముసిముసిగా నవ్వుతూ.

ఇక్కడ కోడలు ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. వెయ్యలేదు. ఆయన నవ్వి ఎన్నాళ్ళైందో లెక్క వేసుకుంటూ ఉండిపోయింది.

శుక్రవారం పొద్దున పదింటికి ముప్ఫై రెండు మీటలూ నొక్కారు. ముందు రెండు వరసలు కోడలు, వెనక రెండు వరసలు మామగారు. ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా గుయ్యిమన్నాయి. తెరలు వెలిగాయి. పదమూడింటి మీద అక్షరాలు పరుగెత్తాయి. పంతొమ్మిదింటి మీద ఒకే వాక్యం వచ్చి నిలబడిపోయింది. యంత్రం లేవడానికి మొట్టమొదట తెచ్చుకోవాల్సిన బూట్ ఫైలు పేరు అందలేదట.

కోడలు అన్నీ ఆపి మళ్ళీ వేసింది. ఈసారి ఇరవై ఒకటి నిలబడిపోయాయి. విచిత్రం ఏమిటంటే, ఇందాక చక్కగా పరుగెత్తినవి ఇప్పుడు నిలబడ్డాయి, నిలబడ్డవాటిలో కొన్ని పరుగెత్తాయి. చెడిపోయిన యంత్రమైతే ప్రతిసారీ చెడిపోవాలి. ఇవేమో వంతులేసుకుని మొరాయిస్తున్నాయి. కేబుళ్ళు పీకి పెట్టింది. సర్వరు చిట్టా తీసి చదివింది. యంత్రాలు అడిగినట్టు ఉంది, సర్వరు జవాబు ఇచ్చినట్టూ ఉంది. మరి ఆ జవాబు ఏ గాలికి పోయింది?

పదకొండున్నరకి ప్రిన్సిపాల్ గారు తలుపు దగ్గర నిలబడి గదిని కళ్ళతోనే కొలుచుకుని వెళ్ళారు. గోరుచుట్టు మీద రోకటి పోటు లాగా, నాలుగింటికి రావలసిన లారీ అప్పుడే వచ్చి గేటు దగ్గర ఆగింది. కోడలికి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇన్నాళ్ళు అందరికీ చెప్పుకుంది, అడిగిన ప్రతివాళ్ళకీ ‘శుక్రవారం రండి’ అంది. ఇప్పుడు కిటికీ దగ్గరికి వచ్చే ఆ కుట్టు పని ఆవిడకి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

అప్పుడు ఆమె నిలబడిపోయిన ఒక తెర ముందు కూర్చుని, తప్పు ఉన్న వాక్యాన్ని వదిలేసి దాని పైవాక్యం చదివింది. తనకి చిరునామా ఎవరిచ్చారో ఆ యంత్రం అక్కడ రాసుకుంది. నాలుగు అంకెల గుంపుల్లో మూడోది నలభై ఏడు.

ఆ నలభై ఏడు ఆమెకి బాగా తెలుసు. ఎక్స్ఛేంజిలో మామగారు కూర్చున్న బోర్డు నంబరు అది. ఇంట్లో ఏ పెట్టెకి నంబరు పెట్టాల్సి వచ్చినా ఆయన అదే పెడతారు. ఇంటి రూటరుకి అదే, పెట్టె తాళానికి అదే. తన సర్వరు ఇచ్చే నంబర్లలో నలభై ఏడు లేనే లేదు.

లేచి వెనక వరస దాకా వెళ్ళి, నిన్న వచ్చిన ఆ మూడు తీగల వెంబడి పోయి, గోడవారనున్న బీరువా వెనక చెయ్యి పెట్టింది. చేతికి వెచ్చగా తగిలింది. ఒకప్పుడు ఇంట్లో వాడి మూలన పడేసిన పాత రూటరు. మామగారు దాన్ని బాగు చేసి, దుమ్ము తుడిచి, వెనక వరసలో మూడింటికి చోటు కోసం అక్కడ కూర్చోబెట్టారు. నాలుగు పచ్చ దీపాలతో అది మెరిసిపోతోంది. పిలవని పేరంటానికి వచ్చిందన్న ధ్యాసే దానికి లేదు.

“ఏమైందమ్మా?” అన్నారు మామగారు వెనకనుంచి.

కోడలు తిరిగి చూసింది. ఆయన చేతిలో కేబులు నొక్కే పనిముట్టు, మొహంలో కంగారు. అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ముప్ఫై అయిదేళ్ళు లైన్లు కలిపిన మనిషికి లైన్ల గురించి అబద్ధం చెప్పడం ఎలా?

“మీ పెట్టె కూడా పలుకుతోంది మామయ్యా” అంది.

“పలకడమేంటి?”

“యంత్రం లేవగానే దానికి ఏమీ తెలీదు. తన చిరునామా తెలీదు, ఎవర్ని అడగాలో తెలీదు. అందుకని గదంతా వినపడేట్టు ఒక కేక వేస్తుంది. పేరు పెట్టి పిలవదు. ఉత్తినే...”

ఆమె ఆగింది. మాట నోటి దాకా వచ్చేసింది, వెనక్కి పొమ్మన్నా పోవట్లేదు.

“ఉత్తినే?”

“‘ఏమండీ’ అంటుంది.”

మామగారు పక్కనున్న స్టూలు లాక్కుని నెమ్మదిగా కూర్చున్నారు.

“ఎవరు ముందు పలికితే వాళ్ళ మాటే వింటుంది. రెండోవాళ్ళ మాట చెవిన పెట్టదు” అంది కోడలు.

“నా పెట్టె ముందు పలుకుతోంది.”

“ఒక్కోసారి అది, ఒక్కోసారి మన సర్వరు. ఎక్కువసార్లు అదే.”

“పలికి ఏమిస్తోంది?”

“చిరునామా ఇస్తోంది. అంతే. ఏ ఫైలు తెచ్చుకోవాలో, ఎక్కడ తెచ్చుకోవాలో దానికి తెలీదు కదా. అక్కడికి వచ్చి ఆగిపోతోంది.”

“వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డట్టు” అన్నారు మామగారు.

కోడలు తల దించుకుంది. బయట లారీ డ్రైవరు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

“అందుకే కదమ్మా నువ్వు వాణ్ణి పిలవడం మానేశావు?” అన్నారు ఆయన. “గోడకి అటు పక్కనున్నవాడికి ఫోన్లేంటి? నాకు తెలీదనుకున్నావా? ఎనిమిది నెలల్నుంచీ చూస్తున్నా.”

“మీకు బాధగా ఉంటుందని మామయ్యా...”

“పిలిచింది ఆవిడ కాదని నాకు తెలుసమ్మా. పిచ్చెక్కలేదు నాకు. తెలిసే పలికాను.” ఆయన చేతిలోని పనిముట్టు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. “నలభై ఏళ్ళు మూడో పిలుపుకి పలికాను. ఇప్పుడు మొదటి పిలుపుకే పలకాలనిపిస్తుంది. ఎవరు పిలిచినా సరే. నువ్వు ఆ పిలుపు కూడా మానేస్తే ఇల్లు లైను తెగిన బోర్డులా అయిపోయింది. ఒక్క దీపం వెలగదు.”

కోడలు ఇన్నాళ్ళూ తను ఆయన్ని కాపాడుతున్నానని అనుకుంది. కాపాడటమేమిటి, ఆయనకి మిగిలిన ఆ ఒక్క మాటా తనే తీసేసుకుంది.

మామగారు లేచి బీరువా వెనక చెయ్యి పెట్టారు. “సరే, టైము లేదు. దీన్ని పీకేస్తా. నీ పని కానివ్వు.”

“ఉంచండి” అంది కోడలు.

“మళ్ళీ ఇదే ముందు పలుకుతుంది కదా?”

“పలకనివ్వండి. చిరునామా బాగానే చెప్తోందిగా, అదే చెప్పనివ్వండి. సర్వరుని చిరునామా గొడవలోకి వెళ్ళొద్దంటాను. సామాను మాత్రం అది అందిస్తుంది. ఇద్దరూ పలకొచ్చు.”

“అలా కుదురుతుందా?”

“ఒక్క లైను మారిస్తే చాలు.”

అబద్ధం. ఒక్క లైను కాదు. సర్వరు నంబరు మార్చాలి, దాన్ని నలభై ఏడు గుంపులోకి తేవాలి, సామాను దొరికే చోటు పేరు ప్రతి ఫైలులోనూ దిద్దాలి. వేరే ఏ టెక్నీషియనైనా ఆ రూటరు నోరు మూయించి ఊరుకునేవాడు, లేదా పీకి అవతల పారేసి వెనక వరస మూడింటినీ తర్వాత ఎక్కించేవాడు. అయిదు నిమిషాల పని. గది ఉంటుందో పోతుందో తెలియని రోజున, గేటు దగ్గర లారీ పెట్టుకుని, అయిదు నిమిషాల పని వదిలేసి గంట పని నెత్తినెత్తుకున్న మనిషికి బుద్ధి లేదంటారు లోకులు. నేను మాత్రం ఆ మాట అనను.

పన్నెండూ ముప్పావుకి దిద్దడం పూర్తయింది. మొదట ఒకదాని మీట నొక్కారు. మామగారు తెర వైపు చూడలేదు. బీరువా పక్కన నిలబడి తన పెట్టె దీపం వంకే చూస్తున్నారు. అది ఠక్కున మెరిసింది. మరుక్షణం మూలనున్న సర్వరు దీపం మెరిసింది. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి.

“పలికిందమ్మా!” అన్నారు మామగారు.

“రెండూ పలికాయి” అంది కోడలు.

ఇక మిగతావన్నీ నొక్కుకుంటూ పోయారు. గది నిండా ముప్ఫై రెండు ఫ్యాన్ల హోరు. ఒక్కదానికైతే పావుగంట పట్టింది గాని, అన్నీ ఒక్కసారి కంచాలు పట్టుకుని కూర్చుంటే ఆ ముసలి సర్వరు మాత్రం ఎంతకని వడ్డిస్తుంది? ఒంటిగంటకి పావు వంతు. రెండింటికి సగం దాటింది. కోడలు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. లారీ డ్రైవరు విసుగొచ్చి కిటికీ దగ్గరికి వచ్చాడు. మొదట “ఎప్పుడు ఎక్కించాలి మేడమ్?” అన్నాడు. పది నిమిషాలయ్యాక “మూడో వరసలోది తొంభై దాటింది మేడమ్” అన్నాడు. ఇంకాసేపటికి ఏది ఎంత దాకా వచ్చిందో గట్టిగా చదివి వినిపించడం మొదలుపెట్టాడు.

మూడింటికి పది నిమిషాలుందనగా ముప్ఫై ఒకటి లేచి కూర్చున్నాయి. వెనక వరసలో చివరిది మాత్రం అసలు మొదలే పెట్టలేదు. అందరూ పరుగెత్తే తెరల వంకే చూశారు గాని, మూలన చీకటిగా ఉన్నదాని వంక ఎవరూ చూడలేదు. ప్రిన్సిపాల్ గారు అన్న ‘ఒక్కటి తక్కువైనా’ కోడలి చెవుల్లో గింగుర్లాడింది.

మామగారు మోకాళ్ళ మీద కూర్చుని కేబులు కొస బయటికి తీసి చూశారు. “నా చేతి పనేనమ్మా. నారింజ తీగ లోపలి దాకా పోలేదు, పొద్దున పీకి పెట్టేసరికి వదులైంది.” కొస కత్తిరించారు. ఎనిమిది రంగులూ మళ్ళీ దువ్వారు. వేళ్ళకి ఆ వరస కంఠతా వచ్చు. కటుక్కున నొక్కి, కేబులు పెట్టి, “నొక్కు” అన్నారు. ఆయన నోట్లోంచి ఆ మాట రావడం, కమిటీ వాళ్ళు ముగ్గురూ ప్రిన్సిపాల్ గారితో సహా గుమ్మంలోకి రావడం ఒకేసారి జరిగాయి.

కమిటీ పెద్దావిడ వరసలన్నీ చూసుకుంటూ నడిచి, చివరిదాని దగ్గర ఆగింది. “ఇదేంటి, ఇంకా ఏదో చేస్తోంది?”

ప్రిన్సిపాల్ గారు నోరు తెరిచారు. మామగారు ఆయనకి ఆ అవకాశం ఇవ్వలేదు.

“ఇప్పుడే పిలిచిందండీ. ఇద్దరం పలికాం. పావుగంటలో లేస్తుంది” అన్నారు.

ఆవిడకి ఏం అర్థమైందో గాని, ఒక కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుంది. అందరూ భోజనం ముగించి లేచిపోయారు కాబట్టి సర్వరు ఇప్పుడు దీనికొక్కదానికే వడ్డిస్తోంది. పదమూడు నిమిషాలకి తెర వెలిగింది. ఎవరూ చెయ్యి వెయ్యకుండా ఒక యంత్రం తన కాళ్ళ మీద తాను లేచి నిలబడటం ఆవిడ కళ్ళారా చూసింది. “మిగతావి కూడా ఇలాగే లేచాయా?” అని అడిగి, “చాలా బావుంది” అని మూడుసార్లు అంది. కిటికీ అవతల కుట్టు పని ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

“గది మీదే మేడమ్” అన్నారు ప్రిన్సిపాల్ గారు, మింగలేక కక్కలేక. ఊరికే పోవడమెందుకని లారీ డ్రైవరు విరిగిన కుర్చీలన్నీ ఎక్కించుకుని పోయాడు. ప్రిన్సిపాల్ గారు వద్దనడానికి పరుగెత్తేసరికి బండి మలుపు తిరిగింది.

ఇంటికి వచ్చేటప్పుడు దారి పొడుగునా మామా కోడళ్ళు పెద్దగా మాట్లాడుకోలేదు. ఆయన ఒకసారి మాత్రం “రూటరు ఎవరూ కట్టెయ్యరు కదా?” అని అడిగారు. “దాని మీద కాగితం అంటించానుగా మామయ్యా, తియ్యొద్దని” అంది ఆమె. ఆయన తల ఊపారు.

సాయంత్రం ఇంకా వెలుతురుండగానే కోడలు పొయ్యి మీద పాలు పెట్టింది. కాఫీ పొడి డబ్బా అటక మీద ఉంది. చెయ్యి చాచింది, అందలేదు. అలవాటుగా ఫోను కోసం తడుముకుంది. తర్వాత ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, పాల వంక చూస్తూ, గుండె నిండా ఊపిరి పీల్చుకుని కేక వేసింది.

“ఏమండీ!”

ఎనిమిది నెలలు లోపలే ఉండిపోయిన మాట. తుప్పు పట్టిన తలుపులా కీచుమంది.

“ఆఁ!” అని ముందు గదిలోంచి వెంటనే వినపడింది. కుర్చీ కదిలిన చప్పుడైంది. అడుగుల చప్పుడు మాత్రం కాలేదు. “వాడు పెరట్లో ఉన్నాడమ్మా! పంపిస్తున్నా!”

కోడలు పొయ్యి గట్టు పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళు నిండి పాలు మసకబారాయి. చిరునామా ఆయన చెప్పారు. ఇక సామాను అందించేవాడు రావాలి.

వాడు రాలేదు. ఆమె మళ్ళీ పిలిచింది. పెరట్లోంచి చప్పుడు లేదు. మూడోసారి పిలిస్తే, “ఆఁ, ఏంటీ” అని తీరిగ్గా వినపడింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

కొడుకు చేతులు తుడుచుకుంటూ ముందు గది దాటి వస్తుంటే మామగారు కుర్చీలోంచే ఆపారు. ఆయన గొంతులో కోపం లేదు.

“ఒరేయ్, మొదటి పిలుపుకే పలకరా” అన్నారు.